సెనార్మాంటైట్‌ను గుర్తించడం, వర్గీకరించడం ఎలా?

తెల్లగా, కాస్త జిడ్డు మెరుపుతో, ఎనిమిది ముఖాలున్న చిన్న స్ఫటికం మీ చేతికి వచ్చిందనుకోండి. పెట్టె మీద "ఆంటిమొనీ ఆక్సైడ్" అని మాత్రమే రాసి ఉంది. ఆ చీటీ తప్పు కాదు, కానీ సగం మాటే చెబుతోంది. రెండు ఆంటిమొనీ పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన ఉండే సహజ ఖనిజాలు రెండున్నాయి. ఒకటి సెనార్మాంటైట్, రెండోది వాలెంటినైట్. రసాయనికంగా రెండూ ఒకటే. రెండింటిలోనూ బరువులో 83.5 శాతం ఆంటిమొనీయే ఉంటుంది. తేడా అంతా లోపల పరమాణువులు అమరిన తీరులో ఉంది. అందుకే ముందుగా యాసిడ్ సీసా తీసేవాళ్లకు ఈ ఖనిజం దొరకదు. చూపుతో, తూకంతో, వెలుతురుతో చేసే పరీక్షలు ముందు చేయండి. నమూనాని పాడుచేసేవి చివరికి ఉంచుకోండి. ఈ వ్యాసం ఆ వరసలోనే సాగుతుంది.

మొదటి పని: జాగ్రత్తలు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మూడు వేలెన్సీ ఆంటిమొనీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2023లో "మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం" అనే 2ఎ వర్గంలో చేర్చింది. సెనార్మాంటైట్‌లో ఉన్నది ఆ మూడు వేలెన్సీ ఆంటిమొనీయే. స్ఫటికాన్ని పట్టుకున్నంత మాత్రాన ప్రమాదం లేదు. దాని దుమ్ము పీల్చకూడదు, నోటికి తగలకూడదు. చేతికి తొడుగులు వేసుకోండి, పొడిగా నూరకండి, పని అయ్యాక చేతులు, బల్ల తడిబట్టతో తుడవండి. రాయిని నాలుకతో తాకి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. ఈ కుటుంబం ఖనిజాలతో ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆంటిమొనీ ఉన్నచోట ఆర్సెనిక్ ఉండటం మామూలే. ఆర్సెనిక్ ఆక్సైడ్ ఖనిజమైన ఆర్సెనోలైట్ అచ్చం సెనార్మాంటైట్ లాగే తెల్లగా, అష్టముఖి స్ఫటికాలుగా పెరుగుతుంది. రెండింటి అంతర్నిర్మాణమూ ఒకే తరహా. సెనార్మాంటైట్ నీటిలో దాదాపు కరగదు. ఆర్సెనోలైట్ కొంత కరుగుతుంది, పైగా అసలైన విషం. మీ చేతిలో ఉన్నది ఏదో తేలేదాకా విషమైనదే అనుకుని పనిచేయండి.

రెండో పని: రాయి ఎక్కడిదో, పక్కన ఏముందో చూడండి

విడి స్ఫటికం కంటే మాతృశిల అంటుకుని ఉన్న నమూనా ఎప్పుడూ ఎక్కువ చెబుతుంది. సెనార్మాంటైట్ ఎక్కువగా స్టిబ్నైట్ అనే ఆంటిమొనీ సల్ఫైడ్ ఖనిజం గాలి, నీటి వల్ల ఆక్సీకరణం చెందినప్పుడు పుడుతుంది. సీసం రంగులో, పొడవాటి సూదుల్లా, లోహపు మెరుపుతో ఉండేది స్టిబ్నైట్. దాని అవశేషం మీ నమూనాలో ఎక్కడైనా కనిపిస్తే దారి సరైనదే. పక్కన చెర్రీ ఎరుపు సూదులు ఉంటే అది కెర్మెసైట్ కావచ్చు. అందులో ఆంటిమొనీతో పాటు గంధకం, ఆక్సిజన్ రెండూ ఉంటాయి. అంటే సల్ఫైడ్ నుంచి ఆక్సైడ్‌కి మారే దారిలో మధ్య మజిలీ. ఒకే నమూనాలో నల్లటి స్టిబ్నైట్, ఎర్రటి కెర్మెసైట్, తెల్లటి ఆక్సైడ్ మూడూ కనిపిస్తే, ఖనిజం మారిన క్రమమంతా కళ్లముందు ఉన్నట్టే. నాకు అలాంటి నమూనాలంటే విడి స్ఫటికాలకన్నా ఎక్కువ ఇష్టం.

ఊరి పేరు కూడా చూడండి. సెనార్మాంటైట్‌కి మూల స్థలం ఉత్తర అల్జీరియాలో, కాన్‌స్టాంటీన్ ప్రాంతంలోని జెబెల్ హమ్మిమత్ గని. అక్కడ ఇది అరుదైన వింతగా కాక ముడిఖనిజంగా తవ్వుకునేంత దొరికింది. మంచి అష్టముఖులు ఎక్కువగా అక్కడివే, కొన్ని 3 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కెనడాలో క్యూబెక్ రాష్ట్రపు సౌత్ హామ్, స్లొవేకియాలో పెర్నెక్ కూడా పేరున్న చోట్లే. వాలెంటినైట్ మూల స్థలం మాత్రం ఫ్రాన్స్‌లో, ఈజేర్ ప్రాంతపు ఆల్మోంట్ దగ్గరున్న షలాంష్ గని. మన దేశంలో స్టిబ్నైట్ అంటే హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్-స్పితి వైపున్న బడా షిగ్రి హిమనీనదం ప్రాంతాన్నే ముందు చెప్పుకోవాలి.

మూడో పని: పది రెట్ల లెన్స్‌తో ఆకారం

ఇక్కడ తొందరపడకండి. స్ఫటికాన్ని పగటి వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. సెనార్మాంటైట్ ఘన వ్యవస్థకు (మూడు అక్షాలూ లంబంగా, ఒకే పొడవుతో ఉండే అమరికకు) చెందింది కాబట్టి దాని సొంత రూపం అష్టముఖి. ఎనిమిది ముఖాలూ సమబాహు త్రిభుజాలే. పక్కపక్క ముఖాల మధ్య లోపలి కోణం 109.5 డిగ్రీలు. అంచులు కొన్నిసార్లు గుండ్రబడి ఉంటాయి. మెరుపు చెట్ల జిగురు (రెజిన్) లాంటిది, కొన్నిటిలో వజ్రపు మెరుపుకి దగ్గరగా ఉంటుంది. రంగు లేకుండానో, బూడిద తెలుపుగానో ఉంటుంది.

వాలెంటినైట్ ఆర్థోరాంబిక్ వ్యవస్థకు చెందింది, అంటే మూడు అక్షాలూ లంబంగానే ఉన్నా పొడవులు వేరువేరు. అందువల్ల అది చదునైన పలకలుగా, పట్టకాలుగా, విసనకర్రలా విచ్చుకున్న గుత్తులుగా పెరుగుతుంది. దానికి చీలిక, అంటే చదునైన తలం వెంట పగిలే గుణం, చాలా స్పష్టంగా ఉంటుంది. చీలిన ముఖం మీద ముత్యపు మెరుపు కనిపిస్తుంది. సెనార్మాంటైట్‌లో చీలిక జాడగా మాత్రమే ఉండి, విరిగినచోట ఎగుడుదిగుడుగా ఉంటుంది.

బాగా పెరిగిన స్ఫటికమైతే ఇక్కడికే ముప్పావు పని అయిపోతుంది. పొడిగా, పొరగా, ముద్దగా ఉంటే మాత్రం ఆకారాన్ని నమ్మకండి. స్టిబ్నైట్ సూదులు తమ రూపం అలాగే ఉంచుకుని లోపల పదార్థం మొత్తం ఆక్సైడ్‌గా మారిపోవడం మామూలు. మెక్సికోలోని కటోర్సే నుంచి వచ్చే పసుపుపచ్చ పొడవాటి "సూదులు" ఇలాంటివే. వాటి ఆకారం స్టిబ్నైట్‌ది, పదార్థం వేరే.

నాలుగో పని: గీత పరీక్ష, ఒక్కసారి మాత్రం

మోస్ కొలతలో సెనార్మాంటైట్ కాఠిన్యం 2 నుంచి 2.5, వాలెంటినైట్‌ది 2.5 నుంచి 3. గోరు దాదాపు 2.5. కాబట్టి ఈ రెండింటినీ గోటితో వేరు చేయబోతే ఫలితం తేలదు. మరి ఈ పరీక్ష దేనికి? వేరే ఖనిజాలను తప్పించడానికి. ఫ్లోరైట్ కూడా అష్టముఖిగా దొరుకుతుంది, దాని కాఠిన్యం 4. షీలైట్ చూడ్డానికి అష్టముఖిలా ఉంటుంది, కాఠిన్యం 4.5 నుంచి 5, పైగా హ్రస్వ తరంగ అతినీలలోహిత దీపం కింద నీలి తెలుపుగా వెలుగుతుంది. ఆంటిమొనీ ఆక్సైడ్లలోనే మరొకటైన సెర్వాంటైట్ కాఠిన్యం 4 నుంచి 5. కనపడని మూల ఒకటి చూసుకుని రాగి తీగతో చిన్న గీత గీయండి. గీత పడితే ఈ మూడూ పోయినట్టే. ఒక్క గీత చాలు. ఇంత మెత్తటి రాయి మీద రెండోది గీస్తే నమూనా విలువ పోతుంది.

ఐదో పని: సాంద్రత

ఇంట్లో చేయగల పరీక్షల్లో నేను ఎక్కువ నమ్మేది ఇదే. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు, ఒక గ్లాసు నీళ్లు, సన్నటి దారం చాలు. ముందు రాయిని గాలిలో తూచండి. తర్వాత నీళ్ల గ్లాసుని త్రాసు మీద పెట్టి సున్నాకి తెచ్చి, దారంతో రాయిని అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే సంఖ్య ఆ రాయి తోసేసిన నీటి బరువు. గాలిలో బరువుని దీంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలిలో 11.00 గ్రాములుండి, నీళ్లలో వేలాడదీసినప్పుడు త్రాసు 2.00 చూపితే, సాంద్రత 5.5. రాయికి అంటుకున్న గాలి బుడగలను కుంచెతో తప్పకుండా తుడిచేయండి. బుడగలుంటే సాంద్రత తక్కువగా వస్తుంది. మాతృశిల అంటుకుని ఉన్న నమూనాకి ఈ పరీక్ష పనికిరాదు, విడి స్ఫటికం కావాలి.

ఇప్పుడు ఆ సంఖ్యకి అర్థం చూద్దాం. కొలతల్లో సెనార్మాంటైట్ 5.2 నుంచి 5.5 వరకు, వాలెంటినైట్ 5.7 దగ్గర వస్తాయి. రసాయనం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? మీరే లెక్కవేసి చూడొచ్చు. సెనార్మాంటైట్ యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో తిరిగి తిరిగి వచ్చే అతి చిన్న పెట్టె, 11.152 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) భుజం ఉన్న ఘనం. దాని ఘనపరిమాణం సుమారు 1387 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. అందులో 16 ఫార్ములా యూనిట్లు, అంటే రెండు ఆంటిమొనీ, మూడు ఆక్సిజన్ ఉన్న గుంపులు, ఉంటాయి. ఒక్కోదాని ద్రవ్యరాశి 291.5, కాబట్టి మొత్తం 4664. దీన్ని పరమాణు ద్రవ్యరాశిని గ్రాముల లెక్కలోకి మార్చే 1.6605తో గుణించి 1387తో భాగిస్తే 5.58 వస్తుంది. వాలెంటినైట్ పెట్టె భుజాలు 4.91, 12.47, 5.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఘనపరిమాణం సుమారు 332, అందులో 4 యూనిట్లు. అదే లెక్క వేస్తే 5.83. అవే పరమాణువులు వాలెంటినైట్‌లో కాస్త దగ్గరగా సర్దుకున్నాయన్నమాట. సహజ నమూనాల్లో సన్నటి పగుళ్లు, ఖాళీలు ఉంటాయి కాబట్టి మీ త్రాసు ఈ లెక్కలకన్నా కొంచెం తక్కువే చూపుతుంది.

చుట్టుపక్కలవాళ్లు కూడా ఇక్కడే విడిపోతారు. ఆర్సెనోలైట్ 3.9 దగ్గర, ఫ్లోరైట్ 3.2 దగ్గర ఆగిపోతాయి. తెల్లటి సీసపు ఖనిజాలైన సెరుసైట్, ఆంగ్లిసైట్ 6 దాటిపోతాయి.

ఆరో పని: పోలరైజ్డ్ వెలుతురు

సెనార్మాంటైట్‌ని వాలెంటినైట్ నుంచి ఇంట్లోనే వేరు చేయాలంటే ఇదే నమ్మకమైన దారి. కాలేజీలో పెట్రోలాజికల్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే మంచిది. లేకపోతే ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్, ఒక పోలరైజింగ్ ఫిల్మ్ ముక్క సరిపోతాయి. ఆ తెర వెలుతురు ముందే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో కంపిస్తూ, వస్తుంది. తెరంతా తెల్లగా పెట్టి, ఫిల్మ్‌ని కంటి ముందు పట్టుకుని తిప్పుతూ, తెర నల్లబడే చోట ఆపండి. ఇప్పుడు తెరకీ ఫిల్మ్‌కీ మధ్య ఒక గాజు స్లైడ్ మీద పారదర్శకమైన చిన్న స్ఫటికాన్నో ముక్కనో పెట్టి, స్లైడ్‌ని నెమ్మదిగా తిప్పండి.

ఘన వ్యవస్థ ఖనిజం ఎటు తిప్పినా నల్లగానే ఉండిపోతుంది. వాలెంటినైట్ వెలుగుతుంది, ప్రతి 90 డిగ్రీలకూ ఒకసారి ఆరిపోతుంది. దాని అతి పెద్ద, అతి చిన్న వక్రీభవన గుణకాల మధ్య తేడా 0.17 దాకా ఉంటుంది, అంటే చాలా ఎక్కువ. ముక్కని ఒకటి రెండు వేర్వేరు పక్కల మీద పడుకోబెట్టి మళ్లీ చూడండి, ఎందుకంటే ఘన వ్యవస్థకు చెందని ఖనిజం కూడా ఏదో ఒక దిశలో నల్లగా కనిపించవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. నిజమైన సెనార్మాంటైట్ కూడా కొన్నిసార్లు పూర్తిగా నల్లబడదు. స్ఫటికం లోపల చిక్కుకున్న ఒత్తిడి వల్ల మసక మసకగా, ముక్కలు ముక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. దాన్ని చూసి ఇది వాలెంటినైటే అనుకోవద్దు. వాలెంటినైట్ వెలుగు మెండుగా, ముక్కంతటా ఒకేలా ఉంటుంది.

ఈ ఖనిజానికి ఆ పేరు పెట్టింది అమెరికన్ ఖనిజ శాస్త్రవేత్త జేమ్స్ డ్వైట్ డానా, 1851లో. ముందుగా దీన్ని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ ద సెనార్మాన్ పేరు మీద పెట్టారు. స్ఫటికాల్లో పోలరైజ్డ్ కాంతి ఎలా నడుస్తుందన్న దాని మీద ఆయన పరిశోధన చేశారు. మైక్రోస్కోప్‌లలో వాడే సెనార్మాన్ కంపెన్సేటర్ ఆయనదే. అందుకే మీ ల్యాప్‌టాప్ తెర ముందు ఈ పరీక్ష చేయడం ఆయన పట్ల గౌరవమని నాకనిపిస్తుంది. వాలెంటినైట్‌కి 1845లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త హైడింగర్ పెట్టిన పేరు రసవాద గ్రంథాల్లో కనిపించే బాసిలియస్ వాలెంటైనస్‌ది.

వక్రీభవన గుణకం కొలిచేద్దామని నగల దుకాణంలోని రిఫ్రాక్టోమీటర్ దగ్గరికి వెళ్లకండి. అవి సుమారు 1.81 వరకే కొలుస్తాయి. సెనార్మాంటైట్‌ది 2.087.

ఏడో పని: రసాయన పరీక్ష, ల్యాబ్‌లో మాత్రమే

ఇంతవరకు వచ్చాక ఆంటిమొనీ ఉందని రూఢి చేసుకోవాలనిపిస్తే, ఆవగింజంత ముక్క చాలు. ఫ్యూమ్ హుడ్ కింద, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని ఎక్కువ నీటిలో పోస్తే తెల్లగా మబ్బు కమ్ముతుంది. అది ఆంటిమొనీ ఆక్సీక్లోరైడ్. బిస్మత్ కూడా ఇలాగే తెల్లబడుతుంది కాబట్టి అందులో టార్టారిక్ ఆమ్లం కలపండి. తెలుపు కరిగిపోతే ఆంటిమొనీ, అలాగే మిగిలితే బిస్మత్. బొగ్గు మీద ఊదుగొట్టంతో వేడిచేసే పాత పద్ధతి పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. ఆ పొగ పీల్చడం ప్రమాదం, ఇంట్లో అసలు వద్దు.

ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్) మెషిన్ ఉన్నచోట ఇచ్చి "ఆంటిమొనీ అని వచ్చింది, కాబట్టి సెనార్మాంటైట్" అని తేల్చేవాళ్లుంటారు. ఆ మెషిన్ మూలకాలనే చెబుతుంది. వాటి అమరిక దానికి తెలియదు.

ఎనిమిదో పని: అనుమానం మిగిలితే రామన్, ఎక్స్‌రే

పొడి, పొర, ముద్ద నమూనాలకి ఇదే దారి. ఆంధ్ర, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర, భౌతికశాస్త్ర విభాగాల్లో చదువుకునేవాళ్లు తెలిసుంటే అడగండి. రామన్ పరీక్షకి, అంటే లేజర్ కాంతి నమూనా మీద చెదిరే తీరును చదివే పరీక్షకి, నమూనాని నూరాల్సిన పనిలేదు. సెనార్మాంటైట్‌లో 254 తరంగ సంఖ్య (సెం.మీ⁻¹) దగ్గర ఒక బలమైన శిఖరం వస్తుంది, వాలెంటినైట్‌లో 140, 294 దగ్గర వస్తాయి. పౌడర్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ అయితే, రాగి ఎక్స్‌రే కిరణంతో సెనార్మాంటైట్ బలమైన గీత 27.7 డిగ్రీల దగ్గర, వాలెంటినైట్‌ది 28.4 దగ్గర. ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, అందుకే తక్కువ కోణాల వైపు కూడా చూడండి. సెనార్మాంటైట్‌కి 13.7 దగ్గర గీత ఉంటుంది, వాలెంటినైట్‌కి 19.4 దగ్గర ఉంటుంది. రెండు జతలూ కనిపిస్తే మీ నమూనాలో రెండు ఖనిజాలూ కలిసి ఉన్నాయి. ఇది అరుదేమీ కాదు.

తొమ్మిదో పని: వర్గంలో పెట్టడం

ఖనిజం ఏదో తేలింది. ఇక అది ఏ గూటికి చెందుతుందో చూద్దాం. అందరూ వాడే నికెల్-స్ట్రుంజ్ పద్ధతిలో సెనార్మాంటైట్ సంఖ్య 4.సీబీ.50. మొదటి 4 అంటే ఆక్సైడ్లు. 'సీ' అంటే లోహానికీ ఆక్సిజన్‌కీ నిష్పత్తి 2:3 లేదా దానికి దగ్గర. 'బీ' అంటే లోహ అయాన్లు మధ్యస్థ పరిమాణంలో ఉన్నవి. 50 అనే చివరి గదిలో ఆర్సెనోలైట్ కూడా ఉంటుంది, నిర్మాణం ఒకటే కాబట్టి. వాలెంటినైట్ పక్క గదిలో, 4.సీబీ.55లో. డానా పద్ధతిలో సెనార్మాంటైట్ 4.3.9.2.

ఇదే 4.సీబీలో కెంపు, నీలం రాళ్లకు మూలమైన కోరండం కూడా ఉంది. దాని కాఠిన్యం 9. అదే గుంపులోని సెనార్మాంటైట్ గోటికి లొంగుతుంది. ఎందుకని? కోరండంలో అల్యూమినియం, ఆక్సిజన్ బంధాలు స్ఫటికం ఈ చివర నుంచి ఆ చివరిదాకా అల్లుకుపోయి ఉంటాయి. సెనార్మాంటైట్‌లో నాలుగు ఆంటిమొనీ, ఆరు ఆక్సిజన్ పరమాణువులు కలిసి విడివిడి అణువులుగా, చిన్న పంజరాలుగా ఉంటాయి. ప్రతి ఆంటిమొనీ మూడు ఆక్సిజన్లతో బంధం పెట్టుకుని, నాలుగో వైపు ఒంటరి ఎలక్ట్రాన్ జంటని ఉంచుకుంటుంది. పళ్లెంలో పేర్చిన లడ్డూల్లా, ఒక్కో పంజరం గట్టిదే గానీ పంజరానికీ పంజరానికీ మధ్య పట్టు తక్కువ. మెత్తదనం, వేడికి తేలిగ్గా ఆవిరయ్యే గుణం రెండూ ఇందువల్లే. వాలెంటినైట్‌లో ఈ పంజరాలు విడిపోయి పొడవాటి గొలుసులుగా సాగుతాయి. అది స్పష్టంగా చీలేది ఈ గొలుసుల వల్లే.

వేడి విషయంలో సెనార్మాంటైట్ తక్కువ ఉష్ణోగ్రతల్లో స్థిరమైన రూపం. దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాలెంటినైట్ నిర్మాణంలోకి మారుతుంది, 656 దగ్గర కరుగుతుంది. మరి చల్లటి గనుల్లో వాలెంటినైట్ ఎలా దొరుకుతోంది? ఒకసారి ఏర్పడ్డాక స్థిర రూపంలోకి మారేంత శక్తి ఆ చలిలో దానికి దొరకదు. అందుకే అలాగే నిలిచిపోతుంది.

మిగిలిన బంధువులను ఇదే గదిలో కూర్చోబెట్టకండి. సెర్వాంటైట్‌లో సగం ఆంటిమొనీ మూడు వేలెన్సీతో, సగం ఐదుతో ఉంటుంది. నిష్పత్తి 1:2 అవుతుంది కాబట్టి అది 4.డీకి వెళుతుంది. ఇటలీలోని లె చెతీనె గని నుంచి 1999లో వర్ణించిన క్లైనోసెర్వాంటైట్ కూడా అదే రసాయన కూర్పుతో, మరో అమరికతో ఉంటుంది. కెర్మెసైట్‌లో గంధకం ఉంది కాబట్టి స్ట్రుంజ్ దాన్ని సల్ఫైడ్లున్న 2వ తరగతిలో పెట్టారు. పసుపు పొరల మీద చాలామంది "స్టిబికోనైట్" అని రాసేస్తారు. 2010లో పైరోక్లోర్ మహాసమూహపు (ఒకే తరహా నిర్మాణమున్న ఖనిజాల పెద్ద గుంపు) పేర్లు సవరించినప్పుడు ఆ పేరు ప్రశ్నార్థకంగా మిగిలింది. అలాంటి పసుపు పొరకి "ఆంటిమొనీ ఆక్సైడ్, రకం తేల్చలేదు" అని రాయడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

పదో పని: చీటీ రాసి భద్రపరచడం

చీటీ మీద పేరు, గని, ప్రాంతం, దేశం, మీ దగ్గరికి ఎలా వచ్చింది అన్నవి రాయండి. వీటితో పాటు ఏ పరీక్షల మీద ఆ పేరు పెట్టారో తప్పకుండా రాయండి. ఉదాహరణకి: "సెనార్మాంటైట్, జెబెల్ హమ్మిమత్, అల్జీరియా. అష్టముఖి, సాంద్రత 5.4, పోలరైజ్డ్ కాంతిలో నలుపు. ఎక్స్‌రే చేయలేదు." ఆ చివరి వాక్యం చూస్తే తర్వాత వచ్చేవాళ్లకి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. పాత చీటీ ఉంటే పారేయకండి, కొత్తదాని కింద అలాగే ఉంచండి.

శుభ్రం చేయాలంటే మామూలు నీళ్లు, మెత్తటి కుంచె చాలు. ఆర్సెనోలైట్ కాదని తేలాకే నీళ్లు వాడండి. వెనిగర్, నిమ్మరసం, అల్ట్రాసోనిక్ క్లీనర్ వద్దు. మూత ఉన్న పెట్టెలో, దూది మీద, వేరే రాళ్లు తగలకుండా పెట్టి, మూత మీద "ఆంటిమొనీ ఉంది, దుమ్ము పీల్చకండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం వేసే అలమరలో పెట్టండి.